మనుషులు చేసిన దేవుళ్ల గురించి ప్రవక్తలు ఎవరితో మాట్లాడారు?

ప్రశ్న: నేను రాజమండ్రిలో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. మాది మూడో తరం క్రైస్తవ కుటుంబం. పోయిన వినాయక చవితికి మా యవ్వనస్థుల గ్రూపులో ఒక వీడియో వచ్చింది. విగ్రహాన్ని తాళ్లు కట్టి ట్రాక్టరు మీదికి ఎక్కిస్తుంటే అది ఒక పక్కకు ఒరిగిపోతుంది, పదిమంది కేకలు వేస్తూ దాన్ని పట్టుకుంటారు. కింద యెషయా 46వ అధ్యాయంలోని మొదటి మాటలు రాసి ఉన్నాయి. నేను దాన్ని నా వాట్సాప్ స్టేటస్‌గా పెట్టాను. మా ఆఫీసులో నేను అక్కా అని పిలిచే ఒక పెద్దావిడ అది చూసి, మర్నాడు నన్ను పక్కకు పిలిచారు. “మేము మట్టికి మొక్కుతున్నామని నువ్వు నిజంగానే అనుకుంటున్నావా? స్వామిని ఆవాహన చేసి, ప్రాణప్రతిష్ఠ చేసి పూజిస్తాం. ఉద్వాసన చెప్పాకే నిమజ్జనం చేస్తాం. మరి మీ ఇంట్లో యేసు పటానికి సీరియల్ లైట్లు వేసి, మీ నాయనమ్మ దాన్ని తాకి కళ్లకద్దుకోవడం నేను చూశాను. అదేమిటి?” అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. యెషయా చెప్పింది వారి విషయంలో సరైనదేనా? మా ఇంట్లో ఉన్న పటమూ, ప్రార్థన కూటం నుంచి తెచ్చుకున్న నూనె సీసా కూడా విగ్రహాలేనా? ఆమె ప్రేమగా ఇచ్చే ప్రసాదం విషయంలో, దసరాకు ఆఫీసులో జరిగే ఆయుధపూజ విషయంలో నేను ఎలా నడుచుకోవాలి? ఆ పూజలో నన్ను హారతి ఇమ్మని గాని, కొబ్బరికాయ కొట్టమని గాని ఎవరూ అనరు.

సమాధానం: సోదరీ, మీరు ఆ అక్క ప్రశ్నను దాచకుండా, తగ్గించకుండా రాసి పంపినందుకు సంతోషించాను. అది ఎగతాళిగా అడిగిన ప్రశ్న కాదు, నొచ్చుకుని అడిగిన ప్రశ్న. పైగా లేఖనాలు మనల్ని చాలాకాలంగా అడుగుతున్న ప్రశ్న కూడా అదే.

ముందుగా ఆ స్టేటస్ సంగతి చెప్పుకుందాం. మీరు ఆమె దగ్గరికి వెళ్లి క్షమించమని అడగాలి. అలా అడగడం వల్ల మీ విశ్వాసంలో ఒక్క అక్షరం కూడా తగ్గించుకున్నట్టు కాదు. ఆమె భక్తితో చేసుకునేదాన్ని నలుగురూ నవ్వడానికి చూపించినందుకు మాత్రమే ఆ క్షమాపణ. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం తీసి చదవండి. ఎఫెసు పట్టణంలో అర్తెమి దేవికి వెండి గుళ్లు చేయించి అమ్మే దేమేత్రి అనే కంసాలి, తన వ్యాపారం దెబ్బతింటున్నదని తోటి పనివారిని పోగుచేస్తాడు. చేతులతో చేసినవి దేవతలు కావని పౌలు చెబుతున్నాడనేదే అతడి ఫిర్యాదు. పౌలు అలా చెప్పిన మాట నిజమే. ఊరంతా నాటకశాలలోకి ఎగబడి రెండు గంటలపాటు కేకలు వేసిన తరువాత, క్రైస్తవుడు కాని ఆ పట్టణపు కరణం లేచి, ఈ మనుషులు గుడి దోచినవారు కారు, మన దేవతను దూషించినవారూ కారు అని సాక్ష్యమిచ్చాడు. పౌలు అప్పటికి రెండేళ్లకు పైగా ఆ ఊళ్లో బోధిస్తున్నాడు. దేవుడు ఒక్కడే అన్న సంగతిని అతడు దాచిపెట్టలేదు, అయినా దూషించాడన్న మాట పడలేదు. మన యవ్వనస్థుల గ్రూపుల గురించి మన ఊరి పెద్దలు అటువంటి సాక్ష్యం ఇవ్వగలరా అని నాకు దిగులుగా ఉంటుంది.

ఇక ఆ వచనాల విషయానికి వస్తే, వీడియో చేసినవారు యెషయా 46లో మొదటి రెండు వచనాల దగ్గరే ఆగిపోయారు. “బేలు కూలుచున్నది నెబో క్రుంగుచున్నది” అని ఆ అధ్యాయం మొదలవుతుంది. బబులోనువారి ఆ రెండు దేవతల ప్రతిమలను అలసిన పశువుల మీద ఎక్కించుకుని పోతున్న దృశ్యం అందులో ఉంది. దీని వెనుక ఉన్న చరిత్ర కూడా తెలుసుకోదగినది. క్రీ.పూ. 539లో పారసీక రాజు కోరెషు బబులోనును పట్టుకోవడానికి ముందు, ఆ దేశపు చివరి రాజు నబోనిదు చుట్టుపక్కల పట్టణాల దేవతా ప్రతిమలను రాజధానికి తరలించాడు. వాటిని తిరిగి వాటి స్థానాలకు చేర్చానని కోరెషు ఒక కాల్చిన మట్టి స్తూపిక మీద రాయించుకున్నాడు. 1879లో బబులోను శిథిలాల్లో దొరికిన ఆ స్తూపిక ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అంటే దేవతలు తమ భక్తులను ఆదుకోవలసిన కష్టకాలంలో, భక్తులే దేవతలను బండ్లకెత్తి కాపాడవలసి వచ్చిన కాలం అది. అయితే ఆ దృశ్యం చూపించిన వెంటనే మూడో వచనంలో దేవుడు పిలిచేది బబులోనువారిని కాదు. “యాకోబు ఇంటివారలారా” అని తన ప్రజలను పిలుస్తాడు. గర్భంలో ఉన్నది మొదలు మిమ్మల్ని మోసినవాణ్ణి నేను, “ముదిమి వచ్చువరకు నిన్ను ఎత్తికొనువాడను నేనే” అంటాడు. మనిషి మోయవలసిన దేవుడా, మనిషిని మోసే దేవుడా అన్నది ఆ అధ్యాయంలోని అసలు ప్రశ్న. ఆ ప్రశ్న అడిగింది చెరలో నలిగిపోయి, బబులోను వైభవం చూసి మనసు చలించిన ఇశ్రాయేలీయులను.

యెషయా 44 కూడా అంతే. వడ్రంగి నూలుపట్టి, గీత గీసి, చిత్రిక పట్టి, మనిషి ఆకారంలో ప్రతిమను చెక్కుతాడు. అతడు నరికి తెచ్చిన చెట్టులో కొంత భాగంతో చలి కాచుకుంటాడు, రొట్టె కాల్చుకుంటాడు, మాంసం వండుకుని తిని తృప్తిపడతాడు. మిగిలిన మొద్దును దేవుడిగా చేసి, దాని ముందు సాగిలపడి, నన్ను రక్షించు అని వేడుకుంటాడు. ప్రవక్త ఇంత వివరంగా చెప్పుకొచ్చి, చివరకు 21వ వచనంలో “యాకోబూ, ఇశ్రాయేలూ, వీటిని జ్ఞాపకము చేసికొనుము” అంటాడు. ఇంటివాళ్లతో ఇంటి మనిషి మాట్లాడిన మాటలివి. మన వేమన కూడా శిలాపూజను గురించి కఠినంగానే పలికాడు, తన వాళ్ల మధ్య నిలబడి తన వాళ్లతోనే పలికాడు. ఆ మాటలను ఎత్తుకెళ్లి పొరుగువారి మీద విసరడానికి, వాటిని తన మీదికి తెచ్చుకోవడానికి చాలా తేడా ఉంది.

అయితే మీ అక్క వేసిన ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. మట్టిని మట్టిగానే మొక్కడం లేదు, ఆవాహన చేసి మొక్కుతున్నామని ఆమె అన్నారు. ప్రవక్తకు ఈ సంగతి తెలియదని, అందుకే చెక్కనూ దేవతనూ ఒకటిగా కలిపేసి మాట్లాడాడని కొందరు పండితులు కూడా అన్నారు. నేను అలా అనుకోను. బబులోనులో కొత్త ప్రతిమకు ‘నోరు కడగడం’ అనే సంస్కారం జరిగేది. దాని వివరాలు రాసిన మట్టి పలకలు నీనెవెలోనూ బబులోనులోనూ దొరికాయి. నది ఒడ్డున, తోటలో సాగే ఆ కర్మకాండలో ఒక ఘట్టం ఉంది. ప్రతిమను చేసిన పనివాళ్ల చేతులను గుడ్డతో కట్టి, కొయ్యకత్తితో నరికినట్టు అభినయిస్తారు. ఆ పనివాళ్లు, దీన్ని మేము చేయలేదు, ఫలానా దేవతే చేశాడు అని ప్రమాణం చేస్తారు. చేతులతో చేశామన్న సంగతిని అందరి ఎదుటా చెరిపివేసిన తరువాతనే అది పూజకు అర్హమవుతుంది. ఇది తెలిసి యెషయా 44 చదివితే, ప్రవక్త ఆ వడ్రంగి చేతుల గురించి, నూలు గురించి, చిత్రిక గురించి, పనిచేస్తూ ఆకలికి సొమ్మసిల్లే కమ్మరి గురించి అంత వివరంగా ఎందుకు చెప్పాడో అర్థమవుతుంది. ఆ సంస్కారం చెరిపివేయాలని చూసిన సంగతినే అతడు తిరిగి తెచ్చి ఎదుట పెడుతున్నాడు. భక్తులు మూఢులై కొయ్యనే దేవుడనుకుంటున్నారన్నది అతడి అభియోగం కాదు. దేవుడు ఎక్కడ, ఎప్పుడు, ఏ రూపంలో ఉండాలో మనిషి నిర్ణయించి, మంత్రంతో పిలిచి నిలపగలడన్న నమ్మకాన్నే అతడు ఒప్పుకోవడం లేదు. కాబట్టి మీ అక్క చెప్పిన వివరణను మీరు తోసిపుచ్చవద్దు. అది ఆమె నమ్మకానికి సరైన వివరణ. బైబిలు ఆ వివరణ తెలిసి కూడా, సృష్టికర్తను పిలిచి ఒక చోట నిలిపే అధికారం సృష్టికి లేదని చెబుతుంది. ఇక్కడ మనకూ ఆమెకూ నిజంగానే భేదం ఉంది, దాన్ని మర్యాద కోసం లేదనడం కూడా నిజాయితీ అనిపించుకోదు.

ఈ పట్టుదల హోరేబు కొండ దగ్గర మొదలైంది. ద్వితీయోపదేశకాండము 4వ అధ్యాయంలో మోషే ప్రజలకు గుర్తుచేసేది ఇదే: ఆ రోజు అగ్ని మధ్య నుంచి మీరు మాటల ధ్వని విన్నారు గాని, ఏ రూపాన్నీ చూడలేదు, కాబట్టి ఏ రూపాన్నీ చేసుకోవద్దు. యెరూషలేము దేవాలయపు గర్భాలయంలో ప్రతిమ లేకపోవడం చుట్టుపక్కల రాజ్యాలకు వింతగా ఉండేది. క్రీ.పూ. 63లో రోమా సేనాని పాంపే బలవంతంగా లోపలికి వెళ్లాడని, అక్కడ ఏ దేవతా ప్రతిమా లేదన్న సంగతి అప్పుడే లోకానికి తెలిసిందని రోమా చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. రూపం లేదంటే దేవుడు తన పోలికను ఎక్కడా పెట్టలేదని కాదు. ఆదికాండము మొదటి అధ్యాయంలోనే ఆయన మనిషిని, స్త్రీనిగానూ పురుషునిగానూ, తన స్వరూపంలో చేశాడు. ఆ తరువాత క్రీస్తును గురించి పౌలు “అదృశ్యదేవుని స్వరూపి” అని కొలొస్సయులకు రాశాడు. దేవుడే తన పోలికను ఇచ్చి ఉండగా, మనం మరొకదాన్ని చేసి ఆ స్థానంలో పెట్టడం తగదన్నది రెండో ఆజ్ఞ వెనుక ఉన్న భావం. మీ పక్క కుర్చీలో కూర్చునే ఆ అక్క కూడా దేవుని స్వరూపంలో చేయబడిన మనిషే. ఆమెను అవమానించి విగ్రహారాధనను ఖండించడం లేఖనాల దృష్టిలో అతకని పని.

ఇప్పుడు మీ ఇంటి సంగతికి రావాలి. ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే బైబిలు కూడా ఇక్కడే ఎక్కువసేపు ఆగింది. పాత నిబంధనలో విగ్రహారాధన గురించి మనసును కోసే కథలన్నీ యెహోవా పేరు పెట్టుకున్నవారి ఇళ్లలోనే జరిగాయి. బంగారు దూడనే తీసుకోండి. మోషే కొండ మీద ఆలస్యం చేస్తున్నాడని జనం ఓపిక పట్టలేకపోయారు. ఆడవాళ్ల చెవుల పోగులు, పిల్లల పోగులు తీయించి అహరోను దూడను పోతపోశాడు. ఆ తరువాత దానికి ఎదురుగా బలిపీఠం కట్టి, రేపు యెహోవాకు పండుగ అని చాటించాడు. ఐగుప్తు దేవతకు పండుగ అని అనలేదు. పేరు పాతదే, దేవుడు మాత్రం వాళ్ల చేతికి అందేవాడై, వాళ్లు చెప్పిన సమయానికి కనిపించేవాడయ్యాడు. మోషే నిలదీసినప్పుడు అహరోను ఇచ్చిన సంజాయిషీ వినండి: బంగారాన్ని అగ్నిలో వేశాను, ఈ దూడ బయటికి వచ్చింది అన్నాడు. చేసిన చేయి తనది కాదన్నట్టు మాట్లాడాడు.

న్యాయాధిపతులు 17, 18 అధ్యాయాలను మన సంఘాల్లో చాలా అరుదుగా చదువుతారు. ఎఫ్రాయిము మన్యంలో మీకా అనే మనిషి తల్లి దగ్గర 1,100 వెండి రూకలు దొంగిలించి, ఆమె శపిస్తుంటే విని భయపడి తిరిగి ఇచ్చేస్తాడు. ఆమె సంతోషించి, ఆ వెండిని నా కొడుకు కోసం యెహోవాకు ప్రతిష్ఠిస్తున్నాను అని, అందులో 200 రూకలు కంసాలికిచ్చి ప్రతిమను చేయిస్తుంది. మీకా ఇంట్లో దేవమందిరం ఉంది, యాజకుడు ధరించే ఏఫోదు ఉంది, గృహదేవతలు ఉన్నాయి, కొడుకే యాజకుడు. తరువాత బేత్లెహేము నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చిన ఒక లేవీయుణ్ణి, అంటే దేవుని సేవకు కేటాయించిన లేవీ గోత్రంవాణ్ణి, ఏడాదికి పది రూకలు, ఒక దుస్తు, భోజనం అనే ఒప్పందం మీద పెట్టుకుని, లేవీయుడు నాకు యాజకుడయ్యాడు గనుక ఇక యెహోవా నాకు మేలు చేస్తాడని నాకు తెలుసు అంటాడు. ఆ మాటలో ద్వేషం లేదు, దేవదూషణ లేదు. దొంగిలించినందుకు పశ్చాత్తాపం ఊసు మాత్రం ఎక్కడా లేదు; కావలసినవన్నీ సమకూర్చుకున్నాను గనుక మేలు వచ్చి తీరుతుందన్న లెక్క ఒక్కటే ఉంది. కొంతకాలానికి దాను గోత్రికులు 600 మంది ఆయుధాలతో అటుగా వచ్చి, ప్రతిమతో పాటు యాజకుణ్ణి కూడా ఎత్తుకుపోతారు. ఆ యాజకుడు పెద్ద కొలువు దొరికిందని సంతోషంగానే వెళ్తాడు. మీకా వెంటపడి, నేను చేయించుకున్న నా దేవతలను పట్టుకుపోతున్నారే, ఇక నాకేమి మిగిలింది అని ఏడుస్తాడు. వాళ్లు బెదిరిస్తే తనకంటే బలవంతులని చూసి వెనుదిరుగుతాడు. తానే చేయించాను అని ఒప్పుకుంటూనే అవి పోతే తనకేమీ లేదని ఏడ్చే ఆ మనిషిని చూస్తే నాకు కోపం రాదు, జాలి కలుగుతుంది.

వీటన్నిటికంటే మీ ప్రశ్నకు దగ్గరగా ఉన్నది ఇత్తడి సర్పం. అరణ్యంలో పాము కాటుకు జనం చనిపోతుంటే, దాన్ని చేయించమని దేవుడే ఆజ్ఞాపించాడు. దాన్ని చూసినవారు బ్రతికారు. యేసు తన సిలువను గురించి నీకొదేముతో మాట్లాడుతూ ఆ సర్పాన్నే ఉదాహరణగా చెప్పాడు. అంత పవిత్రమైన చరిత్ర ఉన్న వస్తువుకు శతాబ్దాల తరువాత ఇశ్రాయేలీయులు ధూపం వేయడం మొదలుపెట్టారు. క్రీ.పూ. 8వ శతాబ్దపు చివర యూదాను ఏలిన హిజ్కియా దాన్ని ముక్కలు ముక్కలుగా పగలగొట్టించాడని 2 రాజులు 18:4లో ఉంది. దేవుడు ఇచ్చినదే అయినా, దేవుని స్థానంలో నిలబడిన రోజున దాన్ని ఉంచుకోకూడదు.

కాబట్టి మీ ఇంట్లో గోడ మీద ఉన్న పటం బొమ్మ అయినంత మాత్రాన విగ్రహం కాదు. ఆజ్ఞల పలకలు ఉంచిన మందసం మీద రెక్కలు గల కెరూబులను చేయమన్నదీ, ఆ పనికి శిల్పి బెసలేలును తన ఆత్మతో నింపిందీ దేవుడే. చిత్రకళను లేఖనాలు నిషేధించలేదు. పటాలను గౌరవించడం వేరు, ఆరాధించడం వేరు అని క్రీ.శ. 787లో నీకయలో జరిగిన రెండో మహాసభ తీర్మానించింది. కతోలిక, ఆర్థడాక్స్ సంఘాలు నేటికీ దాన్ని అనుసరిస్తాయి. గుణదల ఉత్సవానికి వెళ్లే మన సోదరులను విగ్రహారాధికులని ఒక్క మాటలో కొట్టిపారేయకుండా, వారు చెప్పుకునే ఈ భేదాన్ని కనీసం తెలుసుకోవాలి. ప్రొటెస్టెంట్ సంఘాలవారమైన మనం, ఆ భేదం పుస్తకంలో నిలిచినంత గట్టిగా మనిషి మనసులో నిలవదన్న భయంతో, ఆరాధనలో పటాలకు చోటివ్వలేదు. నేను ఆ పక్షాన్నే ఉన్నాను. మీ నాయనమ్మగారు ఆ పటాన్ని తాకకుండా గడప దాటితే ఆ రోజు కీడు జరుగుతుందని భయపడుతున్నారేమో మెల్లగా అడిగి తెలుసుకోండి. కేవలం ప్రేమతో తాకుతుంటే ఆమెను బాధపెట్టవద్దు. భయంతో తాకుతుంటే మాత్రం, ఆ భయమే మాట్లాడవలసిన విషయం. పటాన్ని లాగి పడేసి ఇంట్లో గొడవ పెట్టుకోవద్దు; ఆమెతో కలిసి కూర్చుని ఆమెకు ఇష్టమైన కీర్తనలు చదవండి, ప్రభువు పటంలో లేడని, ఆమె మాట వింటున్నాడని ఆమెకు ధైర్యం కలిగేలా మాట్లాడండి.

నూనె సీసా విషయంలో నేను ఇంత మెత్తగా చెప్పలేను. రోగికి నూనె రాసి ప్రార్థించమని యాకోబు పత్రికలో ఉంది, నిజమే. కాని అక్కడ సంఘ పెద్దలు వస్తారు, ప్రార్థన చేస్తారు, పాపాలు ఒప్పుకోవడం ఉంటుంది, బాగుచేసేది ప్రభువు. ఫలానా సేవకుడు ప్రార్థించిన సీసా కొనుక్కుని తలుపు గడపకూ, కొత్త బండికీ, పరీక్ష హాల్ టికెట్టుకూ రాసుకోవడంలో ఆ సంగతులేవీ లేవు. మీకా ఇంట్లో లేవీయుడి స్థానంలో మన ఇంట్లో సీసా ఉన్నది, అంతే. జనవరి ఒకటో తేదీన తీసుకునే, బైబిలు వచనం రాసి ఉన్న వాగ్దాన కార్డు కూడా అటువంటి ప్రమాదంలోనే ఉంది. వచనాన్ని ధ్యానించడానికి తీసుకుంటే మేలే. మంచి కార్డు రాలేదని రెండోసారి తీసేవారిని చూస్తుంటే, దేవుని మాటను జాతకంగా మార్చుకున్నామేమో అనిపిస్తుంది. ఆ సీసాను మీరు వంటింట్లో వాడుకోవచ్చు. దానివల్ల ఏ కీడూ రాదు.

ఇంకొక మాట కూడా చెప్పకపోతే ఈ సమాధానం అసంపూర్ణమవుతుంది. యెహెజ్కేలు 14వ అధ్యాయంలో ఇశ్రాయేలు పెద్దలు ప్రవక్త ఎదుట భక్తిగా కూర్చుంటారు. వీరు విగ్రహాలను తమ హృదయాల్లో నిలుపుకున్నారని దేవుడు అతడితో చెబుతాడు. పౌలు కొలొస్సయులకు రాస్తూ “విగ్రహారాధనయైన ధనాపేక్ష” అన్నాడు, యేసు సిరిని దేవుడికి పోటీగా నిలబడే యజమానిగా చెప్పాడు. మన తెలుగు సంఘాల్లో పొరుగువారి విగ్రహాల గురించి గంటసేపు ప్రసంగించగల పెద్దలే, పెళ్లి కుదుర్చుకునేటప్పుడు కట్నం ఎంతో, కులం ఏమిటో మొదట అడుగుతారు. దేని కోసం కొడుకు పెళ్లిని ఆపగలమో, ఏది పోతుందంటే ఆజ్ఞను కూడా పక్కన పెట్టగలమో, అదే మన ఇంట్లో దేవుని పీఠం మీద కూర్చున్నది. “వాటిని చేయువారును వాటియందు నమ్మిక యుంచువారందరును వాటివంటివారై యున్నారు” అని 115వ కీర్తన చెప్పినట్టు, డబ్బును నమ్ముకున్న ఇంట్లో ఆడపిల్ల ఏడుపు ఎవరికీ వినబడదు.

ఇక ప్రసాదం. కొరింథు సంఘానికి ఇదే ప్రశ్న వచ్చింది. ఆ ఊరి ఆలయాలకు అనుబంధంగా భోజనశాలలు ఉండేవి. వైద్య దేవత అస్క్లేపియస్ ఆలయం దగ్గర అటువంటి గదులు తవ్వకాల్లో బయటపడ్డాయి. స్నేహితుల విందులూ, పెద్దల సమావేశాలూ అటువంటి చోట్ల జరిగేవి కాబట్టి, వెళ్లకపోతే స్నేహాలు పోయే పరిస్థితి. పౌలు మొదటి కొరింథీ పత్రిక 8, 10 అధ్యాయాల్లో ఇచ్చిన జవాబును మీరు నిదానంగా చదవండి. విగ్రహం వట్టిదని అతడు ఒప్పుకుంటాడు. అయినా గుడిలో ఆరాధనగా జరిగే భోజనంలో కూర్చోవద్దంటాడు. ప్రభువు బల్లలోనూ దానిలోనూ ఒకేసారి పాలుపొందలేరని చాలా కఠినంగా చెబుతాడు. కటికవాని అంగడిలో అమ్మేదాన్ని మాత్రం ఏమీ అడగకుండా కొనుక్కుని తినమంటాడు. అవిశ్వాసి ఇంటికి పిలిస్తే వెళ్లి పెట్టింది తినమంటాడు. ఇది అర్పించినది అని ఎవరైనా చెబితే, చెప్పినవారి నిమిత్తం తినవద్దంటాడు. మీ అక్క ఇచ్చేటప్పుడు ప్రసాదం అనే చెప్పి ఇస్తారు గనుక, మీరు తీసుకోకపోవడమే పౌలు మాటకు తగినదని నా అభిప్రాయం. ఏమీ తెలియకుండా ఎప్పుడైనా తిన్నారంటే దాని గురించి భయపడి నిద్ర మానుకోనక్కరలేదు.

తీసుకోకపోవడం కూడా ప్రేమగా చేయవచ్చు. పండుగ రోజున పదిమంది ఎదుట ఆమె చేయి చాచాక వద్దనడం ఆమెకు చిన్నతనంగా ఉంటుంది. క్షమాపణ అడిగే రోజునే, “అక్కా, మీరు పెట్టేది ఏదైనా నాకు ఇష్టమే, దేవుడికి నివేదించినది మాత్రం నా విశ్వాసం ప్రకారం నేను తీసుకోలేను, మీరేమీ అనుకోవద్దు” అని ముందే చెప్పండి. ఆమె మధ్యాహ్నం డబ్బాలో తెచ్చుకున్న కూర పంచుకోవడం, సంక్రాంతికి ఆమె ఇంట్లో వండిన అరిసెలు తినడం, ఆమె ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే వెళ్లి పలకరించడం మీరు మానవద్దు. క్రిస్మస్‌కు మీరు ఇచ్చే కేకు ఆమె తీసుకోవాలని పట్టుబట్టవద్దు. ఆమెకూ మనస్సాక్షి ఉంటుంది.

ఆయుధపూజ కొంచెం చిక్కైన విషయం. సిరియా సేనాధిపతి నయమాను యొర్దాను నదిలో కుష్ఠం నుంచి బాగుపడి, ఇక యెహోవాకు తప్ప మరెవరికీ బలి అర్పించనని మాట ఇచ్చాక, ప్రవక్త ఎలీషాను ఒక్కటి అడుగుతాడు: నా రాజు రిమ్మోను గుడిలో మొక్కేటప్పుడు నా చేతి మీద ఆనుకుంటాడు, నేను కూడా వంగవలసి వస్తుంది, దాన్ని యెహోవా క్షమించుగాక అని. ఎలీషా అతడికి ధర్మశాస్త్ర పాఠం చెప్పలేదు, “నెమ్మదిగలిగి పొమ్ము” అన్నాడు. దీన్ని పట్టుకుని అన్నిటికీ అనుమతి దొరికిందనుకోకూడదు. నయమాను తన ఉద్యోగంలో తప్పించుకోలేని చోట, తన హృదయం ఎక్కడ ఉందో ముందే తేటగా చెప్పి అడిగాడు. మీ ఆఫీసులో ఎవరూ మిమ్మల్ని హారతి ఇమ్మనడం లేదు, కొబ్బరికాయ కొట్టమనడం లేదని మీరే రాశారు. ఆ రోజు ఆఫీసుకు వెళ్లండి, గది ఊడ్చి సర్దడంలో చేయి కలపండి, కుర్చీలు వేయండి, పూజ జరిగేటప్పుడు గౌరవంగా వెనుక నిలబడండి లేదా మీ బల్ల దగ్గర పని చూసుకోండి. బొట్టు పెట్టబోతే చేతులు జోడించి, వద్దండీ అనండి. అంతమాత్రం నిలబడటానికి కూడా మీ మనస్సాక్షి ఒప్పుకోకపోతే, ఆ ఒక్క పూటకు ముందుగానే మీ మేనేజరుగారికి చెప్పి సెలవు పెట్టుకోండి. ఆలోచించుకోవడానికి దసరాకు ఇంకా సమయం ఉంది గనుక, ఈలోగా మీ సంఘ కాపరితో కూడా ఒకసారి కూర్చుని మాట్లాడండి.